పోయొస్త అనని మనిషి

మా సార్ ఎక్కణ్ణుంచి వెళ్లినా చెప్పి వెళ్లరు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు, నేను ఫోనెత్తి పెట్టేసేలోపు కుర్చీ ఖాళీ అయిపోతుంది. సగం తాగిన చాయ్ బల్ల మీద ఉంటుంది, మనిషి మాత్రం గల్లీ చివర ట్రాలీ ఆటోలో ఉంటారు. ఇంత చిన్న విషయానికి ఈవిడ ఇంత ఒళ్లు మండించుకోవాలా అని మీకనిపిస్తే, ముందు నా సంగతి వినండి, తర్వాత నవ్వుకుందురు గాని.

నా పెళ్లి ఒక ఆదివారం పొద్దున ముగిసింది. గొడవ లేదు, అరుపులు లేవు. నా మొగుడు మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను వంటింట్లో బియ్యం కడుగుతూ కూరేం చెయ్యమంటావని అడిగాను. జవాబు రాలేదు. వచ్చి చూస్తే గడప దగ్గర చెప్పుల్లేవు. సిగరెట్టుకు పోయుంటాడనుకున్నాను. అన్నం ఉడికింది, చల్లారింది, సాయంత్రానికి గట్టిపడింది. షోలాపూర్‌లో ఇంకొకామెతో కాపురం పెట్టాడని చాలా రోజులకు తెలిసింది. కోర్టూ విడాకులూ ఆ తర్వాతి సంగతి, వాటికి నేను పెద్దగా ఏడవలేదు. పోతున్నానని ఒక్క మాట అనలేదు చూడండి, అది మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. తిట్టి పోయినా సరే, చెప్పి పోయుంటే నేను ఇలా తయారయ్యేదాన్ని కాదు.

అప్పట్నుంచి నా ఎదుట నుంచి ఎవరైనా చెప్పకుండా లేచిపోతే గుండె దడదడలాడుతుంది. ఆ దడ వెనకాలే కోపం వస్తుంది. ఒక బడిలో గుమాస్తాగా చేశాను. నేను ఫీజుల సంగతి చెబుతుండగా కరస్పాండెంట్ మధ్యలో లేచిపోయాడని, వరండాలో తల్లిదండ్రులందరి ముందు ఆపి కడిగేశాను. ఆ ఉద్యోగం పోయింది. తర్వాత మందుల దుకాణంలో చేరాను, అక్కడా యజమానితో ఇదే కథ. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు వేసుకుంటే పగలంతా తూగేదాన్ని, మానేస్తే మళ్లీ దడ. మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా "జర నోరు మూసుకుని ఉండవే, నీకు పుణ్యముంటది" అని బతిమాలేది.

అలాంటి నేను పోయి పోయి చేరింది ఛత్రినాకలో ఫ్రీజర్ బాక్సుల దుకాణంలో. ఇంట్లో ఎవరైనా పోతే, దూరం నుంచి రావాల్సిన వాళ్లు వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టే అద్దాల పెట్టె ఉంటుంది కదా, అది అద్దెకిచ్చే పని. ధూల్‌పేట నుంచి, దబీర్‌పురా నుంచి, ఉప్పుగూడ నుంచి ఫోన్లు వచ్చేవి. ఇల్లెక్కడ, గల్లీలోకి ట్రాలీ పడుతుందా, మేడ మీదికి ఎక్కించాలా, కరెంటు ప్లగ్గు ఎంత దూరంలో ఉంది, లొకేషన్ వాట్సాప్‌లో పంపగలరా అని అడగడం నా పని. ఏడుస్తున్న వాళ్లతో మాట్లాడటానికి నెమ్మదైన ఆడమనిషి కావాలని సార్ నలుగురికీ చెప్పి ఉంచారట. ఆయన ఖర్మకు నేను దొరికాను.

సార్‌కు నలభై దాటాయి, పెళ్లి కాలేదు. చావుల మీద బతికే ఇంటికి పిల్లను ఇవ్వం అని సంబంధాలన్నీ వెనక్కి పోయాయట. వాళ్ల నాన్న కాలంలో అదే దుకాణంలో ఐసుగడ్డలూ వెదురు బొంగులూ అమ్మేవారు, ఈయన వచ్చాక పెట్టెలు తెచ్చారు. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, బల్ల మీద ధూళి తుడుస్తూ, నా మొహం చూడకుండా నియమాలు చెప్పారు.

"ఫోన్ల బాగున్నరా అని అడగొద్దు మేడమ్. థ్యాంక్స్ అనొద్దు. ఇంకేమన్న కావాల్నా అని అస్సలు అనొద్దు. మనం పెట్టె వెట్టి వచ్చేటప్పుడు పోయొస్తం అనొద్దు. సప్పుడు చెయ్యకుంట రావాలె."

ఇందులో నాకు కొత్తేమీ లేదు. చావింటి నుంచి చెప్పకుండా రావడం మన అందరిళ్లలో ఉన్నదే. పోయొస్తానంటే ఆ ఇంటికి మళ్లీ ఇలాంటి పని మీద వస్తానన్నట్టు అవుతుంది. అక్కడిదాకా ఎవరూ కాదనరు. కానీ ఈ మహానుభావుడు చావింటి ఆచారాన్ని చావింట్లో వదిలేసి రాకుండా ఊరంతా మోసుకు తిరిగేవారు. కిరాణా దుకాణంలో చెప్పరు. గుడిలో పూజారికి చెప్పరు. పై అంతస్తులో ఉండే కన్నతల్లికి కూడా చెప్పరు. ఆవిడ రోజుకు పదిసార్లు మెట్ల మీంచి తొంగి చూసి, "బిడ్డా, వీడున్నడా పోయిండా?" అని నన్నడిగేది.

దుకాణంలో చెప్పి వెళ్లే మనిషి ఒక్కరే, ట్రాలీ నడిపే చాచా. సార్ వాళ్ల నాన్న దగ్గర్నుంచీ ఉన్న పెద్దాయన. ఏ పూట బయల్దేరినా నా బల్ల మీద వేళ్లతో తట్టి, "జాకే ఆతూఁ బేటీ" అనేవాడు. వెళ్లొస్తా బిడ్డా అని. ఆ తట్టిన చప్పుడు వినబడితే నాకు ఆ పూటకు మాత్ర వేసుకున్నంత నిమ్మళంగా ఉండేది. ఆయన పక్కనే మా సార్ మాత్రం దొంగతనంగా ఇనప బీరువా తాళం తీసుకున్నట్టు తన చెప్పులు తీసుకుని గుట్టుగా జారుకునేవారు.

చేరిన కొత్తలోనే ఒకరోజు పట్టలేకపోయాను. ట్రాలీ వెనక గల్లీ మలుపుదాకా పరుగెత్తి, అడ్డంగా నిలబడి అరిచాను. "ఏంది సార్ గిట్ల? నేను మాట్లాడుతుంటె లేచి పోతరా? పోతున్న అని చెప్తె మీ నోట్ల ముత్యాలు రాలుతయా?" ఇంకా చాలా అన్నాను. ఇంటికెళ్లి, ఈ ఉద్యోగమూ పోయిందనుకుని పడుకున్నాను. మర్నాడు సార్ బల్ల ఎదురుగా కూర్చుని, "నిన్న మీరన్నదాంట్ల సగమే సమజైంది మేడమ్. బస్సు హారన్ కొట్టె. మిగిలింది చెప్పుండ్రి," అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. మిగిలింది చెప్పాను. చివరిదాకా విన్నారు. నా మాట మధ్యలో లేచిపోకుండా చివరిదాకా విన్న మగమనిషిని అంతకుముందు నేను చూడలేదు. విన్నాక ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు. అది వేరే సంగతి.

ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా నేను అట్టముక్కతో విసురుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు వీధంతా కరెంటు లేదు గాని నా తల మీద ఫ్యాను తిరుగుతోంది. చూస్తే, పెట్టెల కోసం ఉంచుకున్న ఇన్వర్టర్ నుంచి గోడ వెంట వైరు లాగి నా ఫ్యానుకు కలిపారు. "ఎందుకు సార్ ఇదంత?" అంటే, "పెట్టెలు ఖాళీగనే ఉన్నయి గద," అన్నారు. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి ప్రేమమాట అదేనని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది.

నాకెప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. ట్రాలీ చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టడం మొదలుపెట్టాను. ఆయన వచ్చేసరికి చాయ్ చల్లారకుండా మూత పెట్టడం మొదలుపెట్టాను. మూత పెడుతూ తిట్టుకునేదాన్ని. సుఖాన ఉన్న ప్రాణాన్ని దుఃఖాన పెట్టుకుంటున్నావు, అదీ ఎవరి కోసం, చెప్పకుండా పోయే ఇంకో మనిషి కోసం! చెప్పకుండా పోయే వాళ్లందరూ నా చిరునామా అడిగి మరీ వస్తున్నారా అని నా మీద నాకే ఒళ్లు మండేది.

మా ఇద్దరి అవస్థా వాళ్లమ్మ పై నుంచి చూస్తూనే ఉందని తెలియదు. ఒక మధ్యాహ్నం పచ్చిపులుసు గిన్నె నా బల్ల మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని కూర్చుని సూటిగా అడిగేసింది.

"నా కొడుక్కు నోరు లేదు బిడ్డా. నేనే అడుగుతున్న. మా ఇంటికొస్తవా?"

"నోరున్నోళ్లు అడిగితెనే నేను జవాబు చెప్త అమ్మా," అన్నాను.

"గట్లయితె నేను పొయ్యేదాంక వాడు అడగడు," అని ఆవిడ తల కొట్టుకుంది.

అందుకే బోనాలకు నేనే ఆయన్ను భోజనానికి పిలిచాను. నేనుండేది దుకాణానికి దగ్గరే, మేడ మీద రెండు గదుల పోర్షన్. మొగుడు పోయిన ఆ ఆదివారం తర్వాత ఒక మగమనిషి నా ఇంట్లో కూర్చుని తినడం అదే మొదలు. బగారా అన్నం, మటన్, గారెలు చేశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు, జుట్టుకు నూనె కూడా రాసుకున్నారు. మటన్ తిని "ఉప్పు మంచిగ సరిపోయింది" అన్నారు. ఆయన లెక్కలో అది పెద్ద పొగడ్తే, తీసుకున్నాను. చెయ్యి కడుక్కుని కూర్చున్నాక, తువ్వాలును మడతలు పెడుతూ, "మేడమ్, మీతోని ఒక మాట అనాలె," అన్నారు. ఆగండి, సేమియా పాయసం తెస్తానని లోపలికి వెళ్లాను. ఆ మాట వినే ధైర్యం చాలక కాసేపు జీడిపప్పు వేయిస్తూ నిలబడ్డాను. బయట గల్లీలో డప్పుల మోత. ఆ మోతలో ఆయన ఫోన్ మోగిందో లేదో నాకు వినబడలేదు.

గిన్నె పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. గడప దగ్గర చెప్పుల్లేవు.

ఏడుపు రాలేదు. ఆ గిన్నెతోనే మెట్లు దిగాను. గల్లీ నిండా జనం, నెత్తి మీద బోనాలతో ఆడవాళ్లు, ముందు పోతరాజు. చేతుల్లో గిన్నె పట్టుకుని ఎర్రబడ్డ కళ్లతో వస్తున్న నన్ను చూసి, అమ్మవారికి మొక్కు తీర్చుకోవడానికి పోతున్నాననుకున్నారు. "జరగుండ్రి, జరగుండ్రి, అక్కకు తొవ్వ ఇయ్యుండ్రి," అని దారి వదిలారు. ఒక ముసలామె నా కాళ్లకు నీళ్లు కూడా పోసింది. తడి కాళ్లతో దుకాణం ముందు తేలాను. సార్, చాచా కలిసి పెట్టెను ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. వాళ్లమ్మ మెట్ల మీద నిలబడి ఉంది.

గిన్నె తీసుకెళ్లి ఆ పెట్టె మూత మీద పెట్టాను.

"నా ఇల్లు చావిల్లా సార్?"

ఆయన గిన్నె వైపు చూశారు.

"పండుగ పూట కడుపు నిండ అన్నం వెట్టిన. చావింట్లకెళ్లి లేచొచ్చినట్టు వస్తరా? నేను బతికే ఉన్న గద సార్, మీకు కనవడ్తలేనా?"

ఆయన మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఏదో ఒకటి అంటారని డప్పులు దాటిపోయేదాకా నిలబడ్డాను. అవతల ఎవరింట్లోనో ఎదురుచూస్తున్నారు, చాచా మెల్లగా హారన్ నొక్కాడు. సార్ పాయసం గిన్నెను రెండు చేతులతో తీసి అరుగు మీద పెట్టి, ట్రాలీ ఎక్కి వెళ్లిపోయారు. అప్పుడు కూడా చెప్పలేదు! నడుముకు దోపుకున్న దుకాణం తాళాలు తీసి ఆ పాయసంలో వేసి ఇంటికొచ్చేశాను.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలియదు. ఫోన్ ఆపేశాను. అంట్లు తోమిందే తోమాను. మాట అనడానికి వచ్చిన మనిషి మాట అనకుండానే పోయాడు, ఇక జన్మలో ఆయన అడగడు, నేను చెప్పేదీ ఉండదు అని తేల్చుకున్నాను. తేల్చుకున్నాక మళ్లీ చెవులు గల్లీ వైపే. ఎంత రోషం లేని చెవులో!

ముందుగా చాచా వచ్చాడు. మెట్ల మీద నుంచే, "తాళాలు కడిగినం బేటీ. ఇంక తియ్యగనే ఉన్నయి, చీమలొస్తున్నయి," అన్నాడు. నాకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాను. "గుస్సా నక్కో బేటీ, కోపం వద్దు. ఆయనొచ్చిండు, కింద ఉన్నడు. జర ఆయన మాట గూడ విను," అని కిందికి దిగిపోయాడు. దిగుతూ "జాకే ఆతూఁ" అనడం మాత్రం మరవలేదు.

సార్ వచ్చి గడప బయటే నిలబడ్డారు. రమ్మనలేదు నేను. ఆయన గోడను చూస్తూ చెప్పారు.

"కొత్తగ ఈ పనిల పడ్డప్పుడు దబీర్‌పురా స్టేషన్ ఎన్క ఒక ఇంటికి పోయిన మేడమ్. పడుసు పిలగాడు పోయిండు. వాళ్లమ్మ నా చెయ్యి వట్టుకుని మస్తు ఏడ్చింది, బిడ్డా బిడ్డా అనుకుంట. వచ్చేటప్పుడు నా నోట్లకెళ్లి వచ్చేసింది, పోయొస్తనమ్మా అని. వారం తిరగలే. అదే ఇంట్లకెళ్లి ఫోనొచ్చింది. ఈసారి ఆమెనే. పెట్టె నేనే తీస్కపోయిన. ఆ ఇంటోళ్లు నన్నొక్క మాట అనలే. అంటె మంచిగుండు."

ఆ తల్లి కొడుకు మీద బెంగతో పోయి ఉంటుంది, మీ మాటతో కాదు అని ఎవరైనా చెబుతారు. నేనూ చెప్పగలను. కానీ నాలో వేరే మాట బయల్దేరింది.

"అది వాళ్లిల్లు. నా ఇంట్ల ఎవరు పోయిండ్రు సార్?"

"ఇంకోళ్ల దగ్గరంటె అలవాటు. మీ దగ్గర భయం," అన్నారు. మొదటిసారి నా మొహంలోకి చూశారు. "ఆ దినం మీ గడప దిగేటప్పుడు పండ్లు గట్టిగ వట్టుకున్న, నోట్లకెళ్లి ఆ మాట ఎక్కడొస్తదోనని. మీకేమన్న అయితె, ఆ పెట్టె నేను మొయ్యలేను మేడమ్."

ఇది వినగానే కరిగిపోయానని రాస్తే అబద్ధం. ఇంకా కోపమొచ్చింది. ఇన్నాళ్లూ నన్ను చంపుకు తిన్న మౌనం నన్ను బతికించుకోవడానికట! ఆ మాట అంటే నేను పోతానని ఆయన భయం. ఆ మాట అనకపోతే ఆయన పోతాడని నా భయం. ఇద్దరి భయాలూ వచ్చి ఒకే మాట మీద కూర్చున్నాయి, ఎవరో ఒకరు దిగితే తప్ప ఈ ఇంట్లో ఇంకెవరూ కూర్చోలేరు. దిగేది నేను మాత్రం కాదనుకున్నాను.

"లోపటికి రాండ్రి. కూసోండ్రి," అన్నాను. "పోయొస్త అని అననీకి వచ్చిననాడే లేవుండ్రి. అనకుంట ఈ గడప దాటినరనుకో, మళ్ల ఎక్కొద్దు."

వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. నేను వంటింట్లోకి పోయాను. బియ్యం కడుగుతూ చెవి ఇటే పెట్టాను. కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా నా చేతులు ఆగిపోయేవి. తొంగి చూస్తే మనిషి అక్కడే ఉన్నారు, పెదవులు కదుపుతున్నారు. బడిపిల్లవాడు ఎక్కాలు వల్లె వేసుకుంటున్నట్టు ఆ ఒక్క మాట వల్లె వేసుకుంటున్నారు. చెమట చొక్కా వెనకంతా పట్టింది. పాపమనిపించింది, పాపమనిపించినందుకు మళ్లీ కోపమొచ్చింది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ధూల్‌పేటలో ఒక పెద్దాయన పోయాడు, కూతురు ఏడుస్తోంది, ఆ ఏడుపు నాకూ వినబడుతోంది. కింద చాచా ట్రాలీ స్టార్ట్ చేశాడు. సార్ లేచారు. గడప దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుని, నా వైపు తిరిగారు.

"మేడమ్."

"ఊఁ."

తలుపు చెక్క పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడ్డాయి.

"పోయొస్త."

ఇన్నేళ్లుగా నేను ఏ మాట కోసం ఊరి మీద పడి అరిచానో ఆ మాట వచ్చేసింది. ఇక నేను అనాల్సింది ఉంది. పోయి రమ్మనాలి. ఎవరైనా అంటారు, పసిపిల్లలు కూడా అంటారు. కానీ ఎప్పుడూ చూడని ఆ దబీర్‌పురా తల్లి, ఆయన చెయ్యి పట్టుకుని, నా కళ్ల ముందు నిలబడింది. రమ్మంటే ఏమవుతుందో! ఈయన భయం ఉన్నట్టుండి నాకు అంటుకుంది. కరస్పాండెంట్ల మీదా యజమానుల మీదా విరుచుకుపడిన నోరు రెండు ముక్కల దగ్గర ఆగిపోయింది.

"మీరేమన్న అనకుంటె నా కాలు లేస్తలేదు," అన్నారు సార్.

కింద హారన్ మోగింది. ధూల్‌పేటలో ఎవరి కూతురో ఎదురుచూస్తోంది.

"పోయి రాండ్రి," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. అందుకని మళ్లీ గట్టిగా అన్నాను. "జల్ది రాండ్రి."

తల ఊపి దిగిపోయారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు చివరిదాకా విన్నాను. ఆ తర్వాత కూర్చోలేకపోయాను. అన్నం వండాను. ఒక బకెట్ నీళ్లు, మగ్గు తెచ్చి గడప బయట పెట్టాను. ట్రాలీ బోల్తా పడుతుందనీ, మేడ మెట్ల మీద పెట్టె జారుతుందనీ, ఆ మాట నేనే అనిపించాను కాబట్టి ఏమైనా అయితే నాదే పాపమనీ, పనికిమాలిన ఊహలన్నీ వచ్చాయి. చెప్పకుండా పోయిన వాడి కోసం ఎదురుచూడటం నాకు అలవాటే. చెప్పి పోయిన వాడి కోసం ఎదురుచూడటం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు. అన్నం గిన్నె మీద మూత తీసి చెయ్యి పెట్టి చూశాను, ఇంకా వేడిగానే ఉంది. మళ్లీ చూశాను. ఈసారి గోరువెచ్చగా ఉంది.

దీపాలు పెట్టే వేళకు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గడప దగ్గర ఆగిపోయింది. నేను వంటింటి తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"వచ్చిన," అన్నారు ఆయన.

నవ్వాలో ఏడవాలో తెలియక, ఎప్పటిలాగే కసిరాను.

"కనవడ్తనే ఉన్నరు. కాళ్లు కడుక్కొని లోపటికి రాండ్రి, అన్నం సల్లగైతుంది."